సెఫలోమెట్రీ

తల ఎక్స్‌రేలో దవడలు, పళ్లు, కపాలపు ఎముకల మధ్య దూరాలనూ కోణాలనూ కొలిచే పద్ధతి. ఎత్తుపళ్లు, వంకర పళ్లు సరిచేసే ఆర్థోడాంటిక్స్ పరిశోధనకు ఇదే పునాది.

రాంట్‌జెన్ 1895లో ఎక్స్‌కిరణాలను కనుగొన్నా, ఒక చిక్కు చాలాకాలం వదల్లేదు: తల కాస్త తిరిగినా కొలతలు మారిపోయేవి. 1931లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో హాలీ బ్రాడ్‌బెంట్, జర్మనీలో హెర్బర్ట్ హోఫ్రాత్ ఎవరికి వారే పరిష్కారం ప్రచురించారు. బ్రాడ్‌బెంట్ చెవుల్లో కడ్డీలు ఆనించి తలను నిలిపేవారు. ఎక్స్‌రే గొట్టం తల మధ్యరేఖకు ఎప్పుడూ 5 అడుగుల దూరంలోనే ఉండేది. అలా ఒకే బిడ్డ వేర్వేరు వయసుల చిత్రాలను ఒకదానిపై ఒకటి పెట్టి, దవడ ఎటు, ఎంత పెరిగిందో తేల్చగలిగారు.

బోల్టన్ అనే కుటుంబం నిధులతో క్లీవ్‌లాండ్ పిల్లలను ఏళ్ల తరబడి ఇలా చిత్రించారు. ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు పరిశోధన కోసమే పదేపదే ఎక్స్‌రే తీయడాన్ని నేటి వైద్యనీతి ఒప్పుకోదు. కాబట్టి ఆ పాత ఫిల్ములు వెలకట్టలేనివి. అయితే వాటిలోని పిల్లలు ఎక్కువగా శ్వేతజాతీయులు. ఆ ఫిల్ముల నుంచి తీసిన ప్రమాణాలను భారతీయ ముఖాలకు యథాతథంగా వర్తింపజేయడం సరికాదు.

తల ఎక్స్‌రే రెండు పరిమాణాల్లోనే చూపితే, 1998లో ఇటలీ పరిశోధకులు వివరించిన కోన్‌బీమ్ సీటీ అనే స్కాన్ ముఖాన్ని మూడు పరిమాణాల్లో చూపింది. ఎముకలో ఇరుక్కున్న కోరపన్ను ఎక్కడుందో కచ్చితంగా చెప్పడంలో దాని మేలు గొప్పది. దాని రేడియేషన్ మామూలు సెఫలోగ్రామ్ (తల ఎక్స్‌రే) కంటే ఎక్కువ గనుక, క్లిప్పులు వేయించుకునే ప్రతి బిడ్డకూ తీయదగ్గ పరీక్ష మాత్రం కాదు.