గోధుమని పట్టుకున్నారు, మరి మాత్ర సంగతి?

సీలియాక్ అనేది గ్రీకు మాట. అర్థం చూస్తే, పొట్టకి సంబంధించినది అని, అంతే. దాదాపు 1900 ఏళ్ళ కిందట, ఇప్పటి టర్కీలో ఉన్న కప్పడోషియా వైద్యుడు అరెటయస్, తిన్నది ఒంటబట్టక విరేచనాలతో చిక్కిపోయేవాళ్ళ గురించి రాస్తూ ఆ మాట వాడాడు. జబ్బుకి పేరు అప్పుడే దొరికింది. కారణం దొరకడానికి మాత్రం మన తాతల కాలం దాకా ఆగాల్సి వచ్చింది.

1888లో లండన్ డాక్టర్ శామ్యూల్ గీ ఈ జబ్బు మీద రాసిన వ్యాసం చాలా పేరున్నది. నయమంటూ అయితే తిండి మార్పుతోనే కావాలని ఆయన సరిగ్గానే పసిగట్టాడు. రోజూ డచ్ ఆల్చిప్పల మాంసం పెడితే ఒక బిడ్డ చక్కగా కోలుకుందట, వాటి కాలం అయిపోగానే మళ్ళీ మొదటికొచ్చిందట. మరి అదే వ్యాసంలో ఈ పిల్లలకి ఏం పెట్టొచ్చన్నాడో తెలుసా? పల్చగా కోసి రెండు వైపులా బాగా కాల్చిన బ్రెడ్! చంకలో బిడ్డనుంచుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. 1924లో న్యూయార్క్‌లో సిడ్నీ హాస్ అరటిపళ్ళ పథ్యం పెడితే పిల్లలు తేరుకున్నారు. అందరూ అరటిపండు మహిమ అనుకున్నారు. అసలు సంగతి, ఆ పథ్యంలో బ్రెడ్ లేదు.

చివరికి గోధుమని పట్టుకున్నది హాలండ్ పిల్లల డాక్టర్ విల్లెం డికె. బ్రెడ్ మానేస్తే నా బిడ్డ ఒంటి మీద దద్దుర్లు తగ్గుతున్నాయని 1930లలో ఒక తల్లి చెప్పిందని, ఆయన అనుమానం అక్కడే మొదలైందని చెబుతారు. వంటింట్లో ఉన్నవాళ్ళకే ముందు కనబడేవి కొన్ని ఉంటాయి మరి. 1944-45 చలికాలంలో, జర్మన్ల ఆక్రమణలో ఉన్న హాలండ్‌లో ఘోరమైన కరువొచ్చి జనం తులిప్ దుంపలు తిన్నారు. ఆ కరువులోనే ఆయన ఇది కనిపెట్టాడని చాలాచోట్ల రాస్తుంటారు గానీ, గోధుమ లేని పథ్యం గురించి ఆయన 1941లోనే రాశాడు. 1950లో యూట్రెక్ట్‌లో ఆయన సిద్ధాంత గ్రంథం వచ్చింది. గోధుమలోని గ్లూటెన్ దగ్గరే తంటా అని ఆయన, తోటివాళ్ళు కలిసి తేల్చారు.

తిండి సంగతి అలా తేలింది. మందుల సంగతి అంత తొందరగా తేలలేదు. థైరాయిడ్ మాత్రలో అసలు మందు 50 మైక్రోగ్రాములు ఉంటుందనుకోండి. అది కంటికి ఆనదు, వేళ్ళకి దొరకదు. కాబట్టి బిళ్ళ కట్టడానికి ఏదో ఒక పిండి కలుపుతారు. ఎక్కువగా మొక్కజొన్న పిండి, బంగాళాదుంప పిండి, పాలలోని లాక్టోజ్; ఎప్పుడైనా గోధుమ పిండి. మన ఇంగువ డబ్బా కూడా ఇలాంటిదే. అచ్చమైన ఇంగువ ఘాటుకి తట్టుకోలేమని చాలావాటిలో గోధుమ పిండో మైదానో కలుపుతారు. సీలియాక్ ఉన్న ఇంట్లో పప్పు కూడా నమ్మడానికి లేకపోవడం అందుకే.

గ్లూటెన్ లేని తిండి అని రాయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములు దాటకూడదని అమెరికాలో 2013లో నియమం పెట్టారు. మన దేశంలోనూ అదే లెక్క. కానీ అది తిండికి, మందుకి కాదు. మాత్రల గురించి అమెరికా మందుల సంస్థ 2017 డిసెంబరులో గానీ సలహా ముసాయిదా తేలేదు. నోటితో వేసుకునే మందుల్లో గోధుమ పిండి అరుదేననీ, ఉన్నా ఒక మోతాదులో గ్లూటెన్ అర మిల్లీగ్రాము దాటదనీ వాళ్ళ అంచనా. ఒక్క బ్రెడ్ ముక్కలో అది గ్రాముల లెక్కన ఉంటుంది.

ఈ అంచనా తెలియకే మా ఆడపడుచు కూతురు థైరాయిడ్ మాత్ర మానేసింది, పదిహేను రోజులు ఎవరికీ చెప్పకుండా. నీరసం అంటే పథ్యం వల్లేమో అనుకున్నాం. డాక్టరు కోప్పడి, ఆ కంపెనీ మాత్రలో ఏ పిండి ఉందో కనుక్కుని (మొక్కజొన్న) మళ్ళీ మొదలుపెట్టించారు. ఆవిడ చెప్పిన ఇంకో మాట నాకు కొత్త: దెబ్బతిన్న పేగు మందుని సరిగా పీల్చుకోదు, అందుకని సీలియాక్ ఉన్నవాళ్ళకి మోతాదు ఎక్కువ పట్టొచ్చు. పథ్యంతో పేగు బాగుపడ్డాక అదే మోతాదు ఎక్కువైపోవచ్చు. ఐరన్ మాత్రదీ ఇదే గొడవ. ఐరన్ ఒంటికి పట్టేది చిన్నపేగు మొదట్లోనే, సీలియాక్ దెబ్బ కొట్టేదీ అక్కడే. అందుకే మాత్రలు మింగుతున్నా రక్తం పెరగడం లేదని కొందరు మొత్తుకుంటారు.

దీనికి తిరగబడ్డ కథ కూడా ఒకటుంది. 2012లో అమెరికాలోని మేయో క్లినిక్ డాక్టర్లు 22 మంది రోగుల గురించి రాశారు. విరేచనాలు, బరువు తగ్గడం, పేగు పరీక్షలో అచ్చం సీలియాక్ లాంటి దెబ్బ. గోధుమ మానినా తగ్గలేదు. వాళ్ళందరూ వేసుకుంటున్నది ఒల్మెసార్టన్ అనే బీపీ మాత్ర. అది ఆపాక అందరూ తేరుకున్నారు. 2013లో అమెరికాలో ఆ మందు వివరాల్లో ఈ హెచ్చరిక చేర్చారు. మన దగ్గర కూడా అమ్మే మందే అది. మీ ఇంట్లో ఎవరైనా వేసుకుంటుంటే, పొట్ట బాగుంటే భయపడక్కర్లేదు. నెలల తరబడి విరేచనాలైతే, సొంతంగా ఆపేయకుండా స్ట్రిప్ పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి.