ఒక్కనాటి తఖ్తు

1539లో చౌసా దగ్గర షేర్‌ఖాన్ చేతిలో ఓడిన హుమాయూన్ పారిపోతూ గంగలో పడ్డాడు. నిజాం అనే భిష్తీ తన తోలు మషక్ ఆసరా ఇచ్చి ఒడ్డుకు చేర్చాడు. పాదుషా మాట తప్పలేదు. నీళ్లు మోసేవాణ్ణి తఖ్తు మీద కూర్చోబెట్టాడు. ఒక పూట కూర్చున్నాడని కొందరు, రెండు రోజులని కొందరు రాశారు. ఎంతసేపైతేనేం, ఆ తర్వాత తఖ్తు తఖ్తే, మషక్ మషకే.

ఏటా సెప్టెంబర్ 27న నాకీ భిష్తీ గుర్తొస్తాడు. ఆ రోజు ప్రపంచ పర్యాటక దినం. 1980 నుంచి జరుపుతున్నారు. ఆతిథ్యం గురించి సభలు, ఉపన్యాసాలు, శాలువాలు. 2019లో దాని ప్రధాన వేడుక ఢిల్లీలోనే జరిగింది. ఆ ఏడు ఎంచుకున్న విషయం పర్యాటకం, ఉద్యోగాలు. వడ్డించేవాడికి అంతకంటే పెద్ద పండగ ఏముంటుంది? ఆరు నెలలు తిరిగాయో లేదో లాక్‌డౌన్ వచ్చింది. హోటళ్లు మూతపడ్డాయి. శాలువా కప్పి ఏం చేసుకోవాలి?

మా అబ్బా హైదరాబాద్‌లో ఒక ఇరానీ హోటల్లో ఇరవై ఏళ్లకు పైగా చాయ్ అందించాడు. ఎవరికి పౌనా కావాలో, ఎవరికి ఖడక్ కావాలో అడక్కుండానే తెలుసు. ఆయన పేరు మాత్రం ఏ గిరాకీకీ తెలీదు. కుర్రాడిగా ఉన్నప్పుడు ‘ఛోటూ’, మీసాలొచ్చాక ‘భాయ్’, గడ్డం నెరిశాక ‘చాచా’.

పేరు లేకపోతే పోయింది, పనికున్న పేరైనా మిగిలిందా? మొగలుల కొలువులో ఖాన్-ఎ-సామాన్ అంటే పాదుషా ఇంటి సరంజామాకీ కార్ఖానాలకీ పెద్ద. పేరున్న అమీర్లకిచ్చే పదవి. తెల్లదొరల బంగళాల్లోకి వచ్చేసరికి అదే మాట ఖాన్‌సామా అయింది, దొర పిలిస్తే పరిగెత్తే వంటవాడయ్యాడు. బావర్చీ కూడా అంతే. చెంగిజ్‌ఖాన్ దగ్గర ఆ పని ప్రాణం అప్పగించదగ్గ నమ్మకస్తుడిది. భిష్తీ అన్నది బిహిష్త్ నుంచి పుట్టిన మాట. దాహం తీర్చేవాడు జన్నత్ మనిషని. ఇక సరాయిల్లో బాటసారులకి వండిపెట్టి, పక్క పరిచిన భటియారాల పేరైతే ఉర్దూలో తిట్టుగానే మిగిలింది.

ఈ పేర్లని కిందికి దించింది తెల్లదొరలొక్కరేనా? అంత తేలిగ్గా తప్పించుకోలేం. భిష్తీ ఇంటికి, భటియారా ఇంటికి పిల్లనిచ్చిన సయ్యదులెంతమంది, పఠాన్లెంతమంది? దస్తర్‌ఖాన్ ముందు అందరూ బరాబర్ అని తఖ్రీర్లలో గొప్పగా చెప్పుకుంటాం. దస్తర్‌ఖాన్ పరిచేవాడి సంగతి ఎవరూ ఎత్తరు.

అలాంటి వాడి పేరు మీద సర్కారుకి ఒక్కసారిగా పట్టింపు వచ్చింది. 2024 జులైలో కాఁవడ్ యాత్ర సాగే దారిలో హోటళ్లవాళ్లు తమ పేర్లు, పనివాళ్ల పేర్లు బోర్డు మీద రాయాలని ముజఫర్‌నగర్ పోలీసులన్నారు. ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్ ప్రభుత్వాలు దాన్నే అందుకున్నాయి. తరాల తరబడి ‘ఏయ్’ అని పిలిపించుకున్నవాడి పేరు బోర్డుకెక్కడం ఇలాగన్నమాట! పేరు చూసి తినాలో మానాలో తేల్చుకోవడానికి. ముస్లిం పనివాళ్లని కొన్నిచోట్ల పంపేశారని పత్రికలు రాశాయి. జులై 22న సుప్రీంకోర్టు ఆ ఆదేశాల్ని ఆపింది. ఏం వండుతున్నారో రాస్తే చాలు, ఎవరు వండుతున్నారో రాయమని బలవంతపెట్టొద్దంది.

ఆ ధర్మాసనంలో మన మదనపల్లెకి చెందిన జస్టిస్ ఎస్.వి.ఎన్. భట్టి ఉన్నారు. విచారణలో ఆయనొక సంగతి చెప్పారు. కేరళలో ఉన్నప్పుడు ఆ ఊళ్లో రెండు శాకాహార హోటళ్లుండేవట, ఒకటి హిందువుది, ఒకటి ముస్లిముది. శుభ్రత చూసి ఆయన ముస్లిం హోటల్‌కే వెళ్లేవారట. ఆ యజమాని దుబాయి నుంచి తిరిగొచ్చినవాడట.

అబ్బాకి ఈ వార్త చదివి వినిపించాను. అంతా విని, “ఆ హోటల్లో సర్వరు పేరేంటంట?” అన్నాడు.

వార్తలో అది లేదు.