ధూమపాన విరమణ - ఆత్మనిగ్రహం

ధూమపాన విరమణ అనగా సిగరెట్, బీడీ, చుట్ట వంటివి త్రాగే అలవాటును పూర్తిగా మానివేయడం. ఇందుకు మనోబలం ఒక్కటే చాలునని, మానలేనివారు బలహీనులని చాలామంది భావిస్తారు. అయితే పొగాకులో ఉండే నికోటిన్ అనే ఆల్కలాయిడ్ మనిషి కోరికలను, నిగ్రహాన్ని నడిపే మెదడు భాగాలపైనే పనిచేస్తుంది. అందువలన వైద్యశాస్త్రం దీనిని గుణదోషంగా కాక, చికిత్సకు లొంగే వ్యసనంగా పరిగణిస్తున్నది.

వ్యసనం ఏర్పడే విధానం

పీల్చిన పొగలోని నికోటిన్ 10 నుండి 20 సెకన్లలో మెదడును చేరి డోపమిన్ విడుదలకు కారణమవుతుంది. రక్తంలో దీని పరిమాణం సుమారు 2 గంటలలో సగానికి తగ్గుతుంది. అప్పుడు చిరాకు, ఆందోళన, ఏకాగ్రత లోపించడం మొదలవుతాయి. మరొక సిగరెట్‌తో ఇవి తగ్గుతాయి కనుక పొగ వలన మనసు కుదుటపడుతుందనే భ్రమ కలుగుతుంది. నిజానికి మొదటి సిగరెట్ మిగిల్చిన వెలితినే రెండవది పూరిస్తుంది. మానినవారిలో ఈ బాధలు మొదటి వారంలో తీవ్రంగా ఉండి, సాధారణంగా 2 నుండి 4 వారాలలో తగ్గుముఖం పడతాయి.

ఆత్మనిగ్రహం పాత్ర

న్యూజిలాండ్‌లోని డునెడిన్ నగరంలో 1972-73లో జన్మించిన సుమారు 1,000 మందిని దీర్ఘకాలం పరిశీలించి, 2011లో ఫలితాలు ప్రచురించారు. బాల్యంలో నిగ్రహం తక్కువగా ఉన్నవారు కౌమారంలోనే పొగకు అలవాటుపడే అవకాశం ఎక్కువని అందులో తేలింది. అయితే వ్యసనం ఏర్పడిన తరువాత నిగ్రహం ఒక్కటే చాలదు. ఏ సహాయమూ లేకుండా మానడానికి ప్రయత్నించినవారిలో 6 నుండి 12 నెలల వరకు నిలబడగలిగేది నూటికి 3 నుండి 5 మంది మాత్రమే. సంకల్పానికి మాత్రం కొరత లేదు. 2016-17 జాతీయ సర్వే ప్రకారం భారతదేశంలో పొగత్రాగేవారిలో 55.4 శాతం మంది మానాలని యోచిస్తున్నారు.

హైదరాబాదు ఐ.టి. ప్రాంతంలో

2008 అక్టోబరు 2 నుండి కార్యాలయాలతో సహా బహిరంగ ప్రదేశాలలో ధూమపానం దేశమంతటా నిషిద్ధం. అందుచేత గచ్చిబౌలి, నార్సింగి వంటి ప్రాంతాలలో పొగత్రాగే ఉద్యోగులకు గేటు వెలుపలి టీ కొట్టు, పాన్ డబ్బా ఆశ్రయమయ్యాయి. టీ, స్నేహితులు, విరామ సమయం సిగరెట్‌తో ముడిపడినప్పుడు వీటిలో ఏ ఒక్కటి ఎదురైనా కోరిక మేల్కొంటుంది. కోరిక కలిగాక దానితో పోరాడటం కంటే అది కలిగే సందర్భాన్ని ముందే మార్చుకోవడం సులువు. టీ వేళను, చోటును మార్చడం, విడి సిగరెట్లు దొరికే దారిని తప్పించడం, మానే తేదీని మిత్రులకు ముందే తెలపడం ఇటువంటివే. ఇది కూడా ఆత్మనిగ్రహమే. ఎలక్ట్రానిక్ సిగరెట్ల అమ్మకం 2019 నుండి దేశంలో నిషిద్ధం కనుక వాటిని ప్రత్యామ్నాయంగా భావించరాదు.

చికిత్స, సహాయం

నికోటిన్ చూయింగ్ గమ్, ప్యాచ్‌లు విరమణ బాధలను తగ్గించి, మానగలిగే అవకాశాన్ని సుమారు ఒకటిన్నర రెట్లు చేస్తాయి. బుప్రోపియాన్, వరెనిక్లిన్ మందులను వైద్యుని సలహాతో వాడాలి. జాతీయ పొగాకు విరమణ సహాయ కేంద్రాన్ని 1800-11-2356 నంబరులో ఉచితంగా సంప్రదించవచ్చును. విజయవంతంగా మానినవారిలో అనేకులు అంతకు ముందు పలుమార్లు విఫలమైనవారే. కనుక తిరిగి ఒక సిగరెట్ త్రాగినంత మాత్రాన ప్రయత్నాన్ని విడిచిపెట్టనవసరం లేదు. ఏ సందర్భంలో తప్పిందో గుర్తించి, మరుసటి ప్రయత్నానికి దానిని ఉపయోగించుకోవాలి.