బస్సు ఎవరిది.. భారం ఎవరిది?
ఆర్టీసీ, ప్రైవేటు రవాణాపై పూర్వాపరాలు

నంద్యాల: ప్రజా రవాణాను ప్రభుత్వమే భరించాలా, ప్రైవేటు వారికి అప్పగించాలా అన్న చర్చ తరచూ తెరపైకి వస్తూనే ఉంది. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాలకు ఇది ఇతరులు చెప్పగా విన్న సంగతి కాదు. బస్సుల జాతీయకరణ కారణంగా ఒక ముఖ్యమంత్రి పదవి వదులుకోవాల్సి వచ్చింది ఉమ్మడి కర్నూలు జిల్లా వివాదంతోనే.

సుప్రీంకోర్టుకెక్కిన కర్నూలు బస్సులు

నిజాం సంస్థానంలో 1932లో 27 బస్సులతో ప్రభుత్వ రవాణా ప్రారంభమైంది. ఆంధ్ర ప్రాంతంలో మాత్రం చాలాకాలం ప్రైవేటు బస్సులే తిరిగాయి. 1958 జనవరి 11న ఏపీఎస్ ఆర్టీసీ ఏర్పడిన తరువాత ఒక్కో జిల్లాలో మార్గాలను జాతీయం చేస్తూ వచ్చారు. కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంత మార్గాల వంతు వచ్చినప్పుడు యజమానులు న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. రాజకీయ ప్రత్యర్థులను దెబ్బతీసేందుకే తమ మార్గాలను ఎంచుకున్నారని ఆరోపించారు. నాటి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి 1962లో డోన్ నుంచి శాసనసభకు ఎన్నికైనవారు. ఆరోపణలను ఖండిస్తూ ఆయన ప్రమాణపత్రం దాఖలు చేయకపోవడాన్ని సుప్రీంకోర్టు ఎత్తిచూపి, 1964లో ఆ పథకాలను కొట్టివేసింది. ఆ వ్యాఖ్యల నేపథ్యంలో సంజీవరెడ్డి రాజీనామా చేశారు. ఆయనే 1977లో నంద్యాల లోక్‌సభ స్థానం నుంచి గెలిచి, అదే ఏడాది రాష్ట్రపతి అయ్యారు.

జాతీయకరణ తప్పని న్యాయస్థానం చెప్పలేదు. ఏ మార్గాన్ని, ఏ ఉద్దేశంతో తీసుకుంటున్నారన్నదే ప్రశ్న అయింది. ఆరు దశాబ్దాలు గడిచినా ఆ ప్రశ్న పాతబడలేదు.

బస్సే ఆధారం

జిల్లాలో నంద్యాల, ఆళ్లగడ్డ, డోన్, బనగానపల్లె, కోవెలకుంట్ల, ఆత్మకూరు, నందికొట్కూరుల్లో ఆర్టీసీ డిపోలున్నాయి. 2016లో ప్రారంభమైన నంద్యాల-ఎర్రగుంట్ల రైలుమార్గం బనగానపల్లె, కోవెలకుంట్ల మీదుగా సాగిపోయింది. ఆళ్లగడ్డకు రైలు లేదు. శిరివెళ్ల, రుద్రవరం, చాగలమర్రి, ఉయ్యాలవాడ, దొర్నిపాడు మండలాల విద్యార్థులు, రైతులు, రోగులు, అహోబిలం వెళ్లే యాత్రికులు రోడ్డునే నమ్ముకోవాలి.

కర్నూలు-కడప జాతీయ రహదారిపై పోటీకి కొదవ లేదు. హైదరాబాద్, బెంగళూరులకు రాత్రిపూట ప్రైవేటు ట్రావెల్స్, పగలు శిరివెళ్ల వైపు షేర్ ఆటోలు తిరుగుతుంటాయి. రహదారి దిగి నల్లమల అంచు పల్లెల వైపు మళ్లితే ఆ పోటీ కనిపించదు. ఉదయం బడికి వెళ్లే పిల్లలతో నిండిన బస్సు మధ్యాహ్నం ఖాళీగా నడుస్తుంది. లాభమే కొలమానమైతే మొదట రద్దయ్యేది ఆ మధ్యాహ్నపు ట్రిప్పే. ఆసుపత్రికి వెళ్లాల్సిన వృద్ధులకు కావాల్సింది కూడా అదే.

చట్టంలోనే రెండు బాధ్యతలు

1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం ఆర్టీసీపై రెండు బాధ్యతలు మోపింది. చాలినంత, సమర్థమైన, చౌకైన రవాణా కల్పించాలన్నది ఒకటి. వ్యాపార సూత్రాలపై నడవాలన్నది రెండోది. దూరప్రాంత సర్వీసుల రాబడితో పల్లెవెలుగు నష్టాన్ని పూడ్చుకుంటూ సంస్థ ఈ రెంటినీ నెట్టుకొచ్చింది. రాబడి వచ్చే మార్గాలను ట్రావెల్స్ పంచుకున్నకొద్దీ ఆ సర్దుబాటు కష్టమైంది. ట్రావెల్స్‌లో అత్యధికం కాంట్రాక్టు క్యారేజీ పర్మిట్లవే. వాటికి దారిపొడవునా ప్రయాణికులను ఎక్కించుకునే హక్కు లేదు. పల్లెకు వెళ్లాల్సిన బాధ్యతా లేదు.

భద్రత విషయంలో ఏ పక్షమూ నిష్కళంకం కాదు. 2025 అక్టోబరు 24న కర్నూలు సమీపంలోని చిన్నటేకూరు వద్ద ప్రైవేటు బస్సు దగ్ధమై 19 మంది ప్రయాణికులు మరణించారు. 2018 సెప్టెంబరు 11న తెలంగాణలోని కొండగట్టు వద్ద కిక్కిరిసిన ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు.

ఖజానాపై భారం

2020 జనవరి 1 నుంచి ఏపీఎస్ ఆర్టీసీ ఉద్యోగులు ప్రజా రవాణా శాఖలో ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. అంతకు కొద్ది వారాల ముందు తెలంగాణలో 50 రోజులకు పైగా కార్మికుల సమ్మె సాగగా, 5,100 మార్గాలను ప్రైవేటుకు ఇవ్వాలని అక్కడి మంత్రివర్గం తీర్మానించింది. ఒకే సంస్థ నుంచి విడిపోయిన రెండు రాష్ట్రాలు అప్పట్లో ఎదురు దారులు పట్టాయి.

2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం అమలులోకి వచ్చింది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ తదితర ఐదు రకాల బస్సుల్లో మహిళలకు సున్నా చార్జీ టికెట్ ఇస్తున్నారు. ఆ సొమ్ము ప్రభుత్వం ఆర్టీసీకి చెల్లించాలి. చెల్లింపు ఆలస్యమైతే దెబ్బ తగిలేది కొత్త బస్సుల కొనుగోలుకు, మరమ్మతులకు. ఉపాధి తగ్గిందన్న ఆటో డ్రైవర్లకు రూ.15 వేల చొప్పున సాయాన్ని ప్రభుత్వం అదే ఏడాది అక్టోబరులో ప్రారంభించింది.

ఇతరుల అనుభవం

మధ్యప్రదేశ్ 2005లో తన రవాణా సంస్థను మూసివేసింది. ఇరవై ఏళ్లకు, 2025లో, మళ్లీ ప్రభుత్వ పర్యవేక్షణలో బస్సులు నడిపే పథకాన్ని ఆమోదించింది. బ్రిటన్‌లో లండన్ మినహా మిగతాచోట్ల 1986లో బస్సులను ప్రైవేటు పోటీకి వదిలేశారు. మాంచెస్టర్ ప్రాంతం 2023-25 మధ్య వాటిని తిరిగి తన ఆధీనంలోకి తెచ్చుకుంది. మార్గాలు, వేళలు, చార్జీలు స్థానిక ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. బస్సు నడిపేది ఒప్పందం పొందిన సంస్థలు.

ఈ పద్ధతి మనకు కొత్తేమీ కాదు. ఆర్టీసీ అద్దె బస్సు ప్రైవేటు యజమానిదే. డ్రైవరూ అతని మనిషే. కిలోమీటరుకు ఇంతని సంస్థ చెల్లిస్తుంది, మార్గాన్ని సంస్థే నిర్ణయిస్తుంది. 2022లో తిరుమల-తిరుపతి మధ్య మొదలైన విద్యుత్ బస్సులదీ ఇదే ఏర్పాటు.

తేలేది ఇక్కడే

కాబట్టి బస్సు మీద ఎవరి పేరుందన్నది రెండో సంగతి. మార్గం ఎవరు నిర్ణయిస్తారు, నష్టం వచ్చే ట్రిప్పుకు ఎవరు చెల్లిస్తారు అన్నవే అసలు ప్రశ్నలు. మొదటి అధికారం ప్రభుత్వం చేతిలో లేకుంటే ప్రైవేటు బస్సు రహదారి దిగదు. రెండో బాధ్యత ఖజానా సకాలంలో నెరవేర్చకుంటే ఆర్టీసీ బస్సూ దిగదు.

ప్రజలకూ ఇందులో పాత్ర ఉంది. మార్గాల జాతీయకరణ ప్రతిపాదన రాజపత్రంలో వెలువడిన 30 రోజుల్లోగా ఎవరైనా అభ్యంతరం తెలపవచ్చని 1988 మోటారు వాహనాల చట్టం చెబుతోంది. ఇప్పటివరకు ఆ అవకాశాన్ని ఎక్కువగా వాడుకున్నది బస్సుల యజమానులే. బస్సు కోసం ఎదురుచూసే పల్లెలు కూడా వాడుకోవచ్చు.