దాగిన వేరికోసిల్‌ను వెదకిన కథ

పాలకాయతిప్ప నుండి అవనిగడ్డ వరకు మన దివిసీమలో వృషణాల సంచి ఉబ్బితే పెట్టే పేరు ఒక్కటే: బుడ్డ. బోదవ్యాధి ఎరిగిన డెల్టా కనుక ఆ అనుమానం సహజమే. అయితే బుడ్డలో ఉండేది నీరు. చీకటిలో టార్చి వేస్తే వెలుగు ఆవలికి కనబడుతుంది. వేరికోసిల్ ఉబ్బిన సిరల ముద్ద. నిలబడితే తగులుతుంది, పడుకుంటే అణగిపోతుంది. పడుకోబెట్టి మాత్రమే చూచే వైద్యునికి అది దొరకదు. ఇంట్లో మాత్రం సంతానం లేదన్న నింద అప్పటికే కోడలిపై పడి ఉంటుంది.

ఈ వ్యాధి కొత్తది కాదు. ఒకటవ శతాబ్దంలోనే రోమన్ రచయిత సెల్సస్, సిరలు ఉబ్బినవైపు వృషణం చిన్నదవుతుందని వ్రాశాడు. సంతానంతో దీనికి గల సంబంధంపై వైద్యలోకం దృష్టి గట్టిగా నిలిచింది మాత్రం 1952లో. ఎడిన్‌బరో వైద్యుడు టల్లక్, వీర్యంలో కణాలే లేని ఒకరికి రెండువైపులా శస్త్రచికిత్స చేశాడు. కణాలు తిరిగి కనబడ్డాయి. ఆయన భార్య గర్భం దాల్చింది.

1970లో న్యూయార్క్ వైద్యులు డుబిన్, అమెలార్ దీనిని మూడు తరగతులు చేశారు: కంటికి కనబడేది, చేతికి తగిలేది, ఊపిరి బిగబట్టి ముక్కితేనే తగిలేది. చికిత్స ఫలితానికి పరిమాణంతో పెద్ద సంబంధం లేదనీ చెప్పారు. అలాగైతే చేతికి అసలు తగలనిదీ హాని చేయవచ్చు కదా! ఆ తర్కంతోనే వేట మొదలయింది. చర్మపు వేడిని చూపే పటాలు, డాప్లర్ శబ్దం, పిదప రంగుల అల్ట్రాసౌండ్ వచ్చాయి. యంత్రం పదునెక్కినకొద్దీ దాగినవి దొరికాయి. వాటికి శస్త్రచికిత్స చేస్తే గర్భధారణ పెరిగిందా? పరీక్షించి చూస్తే నమ్మదగిన ఆధారం దొరకలేదు. అందుకే చేతికి తగలని వేరికోసిల్‌కై స్కానింగ్‌తో వెదకవద్దని నేటి అమెరికా మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఈ మాట మన స్కానింగ్ సెంటర్ల వరకు ఇంకా పూర్తిగా చేరలేదనే నా అభిప్రాయం.

తగిలేదానిని విస్మరించడమూ తగదు. సంతానం కలగని దంపతులలోని 9,034 మంది పురుషులను ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశీలించి, 1992లో ఫలితాలు ప్రకటించింది. వీర్యం సరిగా లేనివారిలో 25.4 శాతానికి, సరిగా ఉన్నవారిలో 11.7 శాతానికి వేరికోసిల్ కనబడింది. అంటే అది ఉన్నంతమాత్రాన గొడ్డుతనం కాదు. వీర్యపరీక్షలో లోపం కూడా ఉంటేనే చికిత్స మాట. వెచ్చని గదిలో, నిలబడి, ముక్కి పరీక్ష చేయించుకోండి. చలికి సంచి ముడుచుకుపోయి సిరలు చేతికి తెలియవు.

సాధారణంగా ఇది ఎడమవైపే వస్తుంది. కుడివైపు మాత్రమే హఠాత్తుగా వచ్చి, పడుకున్నా తగ్గకపోతే పొట్ట స్కానింగ్ ఆలస్యం చేయవద్దు. మూత్రపిండం వద్ద గడ్డ ఏదైనా ఆ సిరను నొక్కుతూ ఉండవచ్చు.