క్లాసిక్ స్పోర్ట్స్ కార్ల పైకప్పు రకాలు

క్లాసిక్ స్పోర్ట్స్ కార్లు పైకప్పును బట్టి ముఖ్యంగా రెండు రకాలు. కప్పును మడవడానికి గాని, పూర్తిగా తీసివేయడానికి గాని వీలున్నవి ఓపెన్ టాప్ కార్లు. బాడీలో భాగంగా కప్పు శాశ్వతంగా ఉన్నవి స్థిరకప్పు కార్లు. వీటినే కూపే అంటారు. 1950, 1960 దశకాలలో పలు కంపెనీలు ఒకే కారును ఈ రెండు రూపాలలోను విక్రయించాయి. అందువలన నేడు అటువంటి కారును కొని భద్రపరచదలచిన వారికి రెండింటిలో ఏది అన్న ప్రశ్న ఎదురవుతుంది. ఇది అందానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. కారు దృఢత్వం, ప్రయాణికుల భద్రత, తుప్పు, వాతావరణం, ధర, చట్టం ఇందులో ఇమిడి ఉన్నాయి. ఇంగ్లండు వంటి చల్లని దేశంలో సరిపోయిన సమాధానం సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వంటి వేడి ప్రాంతాలలో సరిపోకపోవచ్చు.

రకాలు

* రోడ్‌స్టర్: రెండు సీట్లు, తేలికైన గుడ్డ కప్పు గల కారు. తొలినాటి రోడ్‌స్టర్లలో తలుపులకు పైకి కిందికి జరిగే అద్దాలు ఉండేవి కావు.
* కన్వర్టిబుల్ లేదా డ్రాప్‌హెడ్ కూపే: లోపల అస్తరు వేసిన మందమైన మడత కప్పు, తలుపులకు అద్దాలు గల కారు.
* కూపే లేదా ఫిక్స్‌డ్‌హెడ్ కూపే: స్థిరమైన కప్పు గల కారు.
* టార్గా: సీట్ల వెనుక దృఢమైన కమాను ఉండి, తలపై భాగం మాత్రమే ఊడివచ్చే కారు. 1965లో పోర్షే కంపెనీ 911 టార్గాను ప్రదర్శించడంతో ఈ పేరు స్థిరపడింది. 1961 నాటి ట్రయంఫ్ టీఆర్4లో ఇటువంటి ఏర్పాటు అంతకు ముందే ఉంది.

చరిత్ర

తొలి మోటారు కార్లు గుర్రపు బండ్ల నమూనాలో తయారైనందున వాటిలో అధికభాగం తెరచి ఉండేవి. 1920 దశకం చివరికి అమెరికాలో మూసిన కార్లదే పైచేయి అయింది. ఆపైన తెరచిన కారు అవసరంగా గాక ఆటవిడుపుగా మిగిలింది. హైదరాబాదులోని చౌమహల్లా ప్యాలెస్‌లో ప్రదర్శనకు ఉంచిన 1912 నాటి రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ నిజాముల కాలపు మోటారు వైభవానికి గుర్తు.

బ్రిటనులో 1961లో వెలువడిన జాగ్వార్ ఇ-టైప్ మొదటి నుండి రెండు రూపాలలోను లభించింది. 1962లో ఎంజీబీ రోడ్‌స్టర్‌గా మొదలై, 1965లో ఎంజీబీ జీటీ పేరుతో స్థిరకప్పు రూపం పొందింది. ట్రయంఫ్ కంపెనీ 1962లో ఓపెన్ టాప్ స్పిట్‌ఫైర్‌ను, 1966లో దానికి దగ్గరి బంధువైన స్థిరకప్పు జీటీ6ను విడుదల చేసింది. స్పిట్‌ఫైర్‌కు ఆధారం ట్రయంఫ్ హెరాల్డ్ అనే సాధారణ కుటుంబ కారు. అదే హెరాల్డ్‌ను మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ కంపెనీ 1961 నుండి స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో భారతదేశంలో తయారు చేసింది.

నిర్మాణంలో తేడా

అగ్గిపెట్టెలోని అరను బయటకు తీసి రెండు చివరల పట్టుకొని మెలిపెడితే సులువుగా వంగుతుంది. తొడుగులో ఉంచి మెలిపెడితే అంత సులువుగా వంగదు. కారుకు కప్పు చేసే మేలు ఇదే. విడి ఛాసిస్ లేకుండా రేకు బాడీయే బరువు మోసే కార్లలో కప్పు, దాని స్తంభాలు కలిసి మెలితిప్పును అడ్డుకుంటాయి. కప్పు లేనప్పుడు ఆ భారం తలుపుల కింది దూలాలపై పడుతుంది. గతుకుల రోడ్డుపై ఓపెన్ టాప్ కారులో స్టీరింగు, ముందు అద్దం అదరడానికి కారణం ఇదే.

కప్పు వలన బరువు పెరుగుతుంది. ఎంజీబీ జీటీ తన రోడ్‌స్టర్ కన్నా సుమారు 100 కిలోలు ఎక్కువ తూగుతుంది. అందువలన అది నెమ్మదిగా వేగం పుంజుకుంటుంది. అయితే గాలిని చక్కగా చీల్చుకొని పోవడం వలన దాని గరిష్ఠ వేగం కాస్త ఎక్కువే.

స్పిట్‌ఫైర్, హెరాల్డ్ వంటి కార్లకు విడి ఛాసిస్ ఉంది. ఇటువంటి వాటిలో కప్పు లేకపోయినా నష్టం కొంత తక్కువ.

వాతావరణం, రహదారులు

పూణే నుండి హైదరాబాదు, విజయవాడల మీదుగా మచిలీపట్నం వెళ్ళే 65వ నంబరు జాతీయ రహదారిపై సూర్యాపేట, కోదాడ ఉన్నాయి. ఇది 2010లో నంబర్లు మారక ముందు 9వ నంబరు రహదారి. మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడలను 167వ నంబరు జాతీయ రహదారి కలుపుతుంది.

ఈ ప్రాంతంలో మే నెల ఉష్ణోగ్రత తరచుగా 42 డిగ్రీలు దాటుతుంది. ఆ ఎండలో కప్పు తెరచి పగటిపూట ప్రయాణించడం వడదెబ్బకు దారితీయవచ్చు. అయితే ఏసీ లేని పాత కూపే కూడా సుఖం కాదు. దాని పెద్ద వెనుక అద్దం గుండా వచ్చిన వేడి లోపలే నిలిచిపోతుంది. ఇంజిన్ వేడి దానికి తోడవుతుంది. ఓపెన్ టాప్ కారుకు ఇక్కడ అనువైన కాలం నవంబరు నుండి ఫిబ్రవరి వరకు ఉండే ఉదయాలు, సాయంత్రాలు. జూన్ నుండి సెప్టెంబరు వరకు వానల వలన కప్పు ఎక్కువగా మూసే ఉంచవలసి వస్తుంది.

దుమ్ము మరొక సమస్య. మిర్యాలగూడ రైస్ మిల్లులకు ప్రసిద్ధి. మిల్లుల ఊక, బూడిద, మేళ్ళచెరువు, మఠంపల్లి ప్రాంతాల సిమెంటు ఫ్యాక్టరీలకు తిరిగే లారీలు లేపే దుమ్ము తెరచిన కారులోకి నేరుగా చేరతాయి. కోతల సమయంలో గ్రామాల వద్ద రోడ్డు అంచున ధాన్యం ఆరబోయడం సాధారణం. నేలకు దగ్గరగా ఉండే చిన్న స్పోర్ట్స్ కారు నడిపేవారు అక్కడ మరింత జాగ్రత్తగా ఉండాలి.

గుడ్డ కప్పు, తుప్పు

ఎండ వలన వినైల్ కప్పు పెళుసుబారుతుంది, కుట్లు వదులవుతాయి, ప్లాస్టిక్ వెనుక కిటికీ పసుపుబారి పగులుతుంది. దళసరి నేత గుడ్డ కప్పు ఎక్కువ కాలం మన్నుతుంది, ఖర్చూ ఎక్కువే. తడిసిన కప్పును మడిచి ఉంచితే బూజు పడుతుంది. కారిన నీరు తివాచీ కింద నిలిచి నేల రేకును తినివేస్తుంది. కూపేలో ఈ బెడద తక్కువ. కాని అద్దాల రబ్బరు అంచులు పాడైతే అందులోను నీరు దిగుతుంది.

ఓపెన్ టాప్ కారు కొనేముందు కింది దూలాలను తప్పక పరీక్షించాలి. ఇద్దరు మనుషులను కూర్చోబెట్టి తలుపులు తెరచి మూయాలి. తలుపు బిగుసుకున్నా, వెనుక సందు పైభాగాన ఇరుకుగా, కిందిభాగాన వెడల్పుగా కనిపించినా కారు నడుము కుంగినదని అనుమానించాలి. అటువంటి కారుకు పైన ఎంత మంచి రంగు వేసినా ప్రయోజనం లేదు. ఆ మరమ్మత్తు కొత్త కప్పు వేయించడం కన్నా చాలా ఖరీదైనది.

భద్రత

కారు బోల్తా పడితే ఓపెన్ టాప్ కారులో తలకు రక్షణ ముందు అద్దపు చట్రం ఒక్కటే, అది కూడా ఆ బరువు మోయడానికి చేసినది కాదు. సీట్ల వెనుక ఉక్కు కమాను అమర్చి, సీటు బెల్టులు ధరిస్తే ప్రమాద తీవ్రత తగ్గుతుంది. కమాను లేకుండా బెల్టు మాత్రమే ఉండడం చాలదు. పాత కూపేల కప్పు కూడా నేటి ప్రమాణాలకు తూగదు. అయినా ఎంతో కొంత ఆసరా ఇస్తుంది. భారీ లారీలు, బస్సులు రాత్రింబవళ్ళు తిరిగే 65వ నంబరు రహదారిపై ఈ తేడాను తేలికగా తీసుకోరాదు.

ధర, అసలుతనం

ఒకే మోడల్‌లో సాధారణంగా ఓపెన్ టాప్ కారుకే ధర ఎక్కువ. ఇ-టైప్, ఎంజీబీ ఇందుకు ఉదాహరణలు. మినహాయింపులూ ఉన్నాయి. 1954-57 మధ్య వచ్చిన మెర్సిడెస్ 300 ఎస్ఎల్ కూపే రెక్కల వలె పైకి తెరచుకొనే తలుపుల వలన రోడ్‌స్టర్‌తో సమానమైన ప్రఖ్యాతి పొందింది. ధరలో ఈ తేడా వలన కూపేల కప్పు కోసి ఓపెన్ టాప్ కార్లుగా అమ్మిన సందర్భాలు విదేశాలలో ఉన్నాయి. కనుక ఛాసిస్ నంబరును తయారీదారు రికార్డులతో సరిపోల్చుకోవడం అవసరం.

చట్టం

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని ధ్రువీకరించింది. పాత కారు కప్పు కోయించి ఓపెన్ టాప్‌గా మార్చుకోవాలనుకొనే వారు ఇది గమనించాలి.

2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం వింటేజ్ వాహనాల నమోదుకు ప్రత్యేక నియమాలు తెచ్చింది. తొలి నమోదు జరిగి 50 ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో గణనీయమైన మార్పు లేని వాహనాలకే ఇవి వర్తిస్తాయి. కొత్త నమోదు రుసుము రూ. 20,000. ఇలా నమోదైన కారును ప్రదర్శనలు, వింటేజ్ ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, ఇంధనం, మరమ్మత్తుల కొరకే రోడ్డుపై నడపవచ్చు. రోజువారీ ప్రయాణాలకు, వ్యాపారానికి వాడరాదు. కప్పు కోసిన కారు ఈ గుర్తింపుకు అర్హత కోల్పోయే ప్రమాదం ఉంది.

ఎంపిక

కారు ఎప్పుడు, ఎక్కడ, ఎంత దూరం నడుస్తుందో ముందుగా తేల్చుకోవాలి. మూసిన షెడ్డు ఉండి, చలికాలపు ఉదయాలలో కొద్ది దూరం తిరగడానికి, ప్రదర్శనలకు ఓపెన్ టాప్ కారు అనుకూలం. సూర్యాపేట నుండి హైదరాబాదుకు సుమారు 135 కి.మీ. దూరం ప్రయాణించి ర్యాలీలలో పాల్గొనేవారికి, షెడ్డు లేనివారికి కూపే మేలు. రెండింటి మధ్య ఎటూ తేలనివారికి టార్గా రకం గాని, ఊడదీసే గట్టి కప్పు అమర్చిన రోడ్‌స్టర్ గాని మధ్యే మార్గం. ఏ రకమైనా తుప్పు లేని సాధారణ కూపే, దూలాలు కుంగిన అందమైన రోడ్‌స్టర్ కన్నా మంచిది.