అమెరికా వేటకత్తులు – వాని సేకరణము

వేటకత్తి మృగమును చంపు నాయుధము కాదు. తుపాకి గుండునకు కూలిన దుప్పిని అడవిలోనే కడుపు చీల్చి, ప్రేవులు తీసి, తోలొలిచి, మాంసమును మోయదగిన ఖండములుగా కోసికొనుటకు వేటగాడు మొలకు కట్టుకొని తిరుగు పనిముట్టు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో 19వ శతాబ్దపు చివరి దశకము మొదలుకొని తయారైన యిట్టి కత్తులను, వాని ఒరలతోను పెట్టెలతోను విక్రయపట్టికలతోను గూడ సమకూర్చి, తయారైన కాలమును నిర్ణయించి, వరుసదీర్చి భద్రపరచు నభిరుచి 1960-80 నడుమ ఒక ప్రత్యేక విద్యవలె స్థిరపడినది. ఇందు రెండు శాఖలు గలవు. వాడుకకై తయారై కాలక్రమమున అరుదైన పాత కత్తులను వెదకుట యొకటి; ఇన్ని మాత్రమే చేయుదుమని ముందుగా ప్రకటించి, ఒక్కొక్కదానిపై క్రమసంఖ్య చెక్కి విడుదల చేసిన పరిమిత సంఖ్యాక కత్తులను కూర్చుట రెండవది. రెండును ఒకే అంగడిలో అమ్ముడువోవుచున్నను, చరిత్రదృష్టితో పరికించినచో వీని విలువ ఒక్కటి కాదు. ఆ భేదమును గ్రహింపనిదే ఈ సేకరణ చరిత్ర బోధపడదు.

19వ శతాబ్ది పూర్వార్ధమున అమెరికనులు వాడిన మేలైన కత్తులలో పెక్కు ఇంగ్లండులోని షెఫీల్డు నగరమునుండి ఓడలలో వచ్చినవే. 1827లో నాచెజ్ పట్టణమునకు చేరువ మిసిసిపీ నది యిసుకమేటపై జరిగిన కలహమున జేమ్స్ బౌయీ చూపిన తెగువచే ఆతని పేర పెద్ద కత్తికి దేశమంతట గిరాకి యేర్పడగా, ఆ గిరాకిని తీర్చుటలోను షెఫీల్డు పనివారిదే పైచేయి యయ్యెను. స్వదేశమున మసాచుసెట్స్ రాష్ట్రపు గ్రీన్‌ఫీల్డులో జాన్ రస్సెల్ నెలకొల్పిన గ్రీన్ రివర్ కర్మాగారము కసాయివారికిని వంటయిండ్లకును చేసిన సాదా కత్తులు పడమటి కొండలలో బీవరు తోళ్ళకై తిరుగు వేటగాండ్ర మొలలకెక్కినవి. 1890 నాటి సుంకముల చట్టము విదేశీ కత్తులపై పన్ను హెచ్చించిన తరువాతనే అమెరికా కర్మాగారములు నిలదొక్కుకొనగలిగినవి. ఇంతలో అభిరుచియు మారుచుండెను. నెస్‌మక్ అను కలముపేరుతో వ్రాసిన జార్జి వాషింగ్టన్ సియర్స్, 1884లో వెలువడిన తన అరణ్యజీవన గ్రంథమున, అంగళ్ళలో దొరకు బరువైన మొద్దుకత్తులను నిరసించి, పలుచని పొట్టి యలుగుగల కత్తియే యడవిలో పనికివచ్చునని వాదించెను.

ఆ వాదమునకు కర్మాగార రూపమిచ్చినవాడు వెబ్‌స్టర్ మార్బుల్. మిషిగన్ రాష్ట్రపు ఉత్తర ద్వీపకల్పమున కలప లెక్కకట్టుటకును, భూములు కొలుచుటకును ఏండ్లతరబడి అడవులలో తిరిగిన యీ మనుజుడు, జేబులో పెట్టుకొన్నను వాదర తగిలి గాయము కాకుండ మడతరేకు అమర్చిన చిన్న గొడ్డలిని కల్పించి, గ్లాడ్‌స్టన్ పట్టణమున దానిని తయారుచేయుట కారంభించెను. గొడ్డలి వెంబడి, 20వ శతాబ్దము తలయెత్తు నాటికి, ‘ఐడియల్’ అను వేటకత్తి వెలువడినది. అలుగు బరువు తగ్గి, బలము చెడకుండునట్లు దాని రెండు ప్రక్కలను పొడవునా గాడి తీయబడినది. పిడి నిర్మాణము మరింత గమనింపదగినది: అలుగు వెనుకటి సన్నని యినుపకాడకు గుండ్రని తోలుబిళ్ళలను ఒకదానిపై నొకటి గ్రుచ్చి, గట్టిగా నదిమి, చివర దుప్పికొమ్ము ముక్కయో లోహపు టోపియో బిగించి, ఆ మీదట మొత్తమును చేతి కనువుగా అరగదీసి నునుపు చేసెదరు. నెత్తుటితో తడిసిన చేతికిగూడ జారని పట్టునిచ్చు నీ తోలుపిడి తరువాతి యర్ధశతాబ్దమున అమెరికా వేటకత్తికి గుర్తుగా నిలిచినది. 1911లో సంస్థ పేరు మార్బుల్ ఆర్మ్స్ అండ్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీగా మారెను. 1915లో తోలొలుచుటకు వీలైన వెడల్పు వంపు అలుగుతో ‘వుడ్‌క్రాఫ్ట్’ కత్తి వచ్చెను. ఆ తరువాతి తయారీదారులలో దాని యాకృతిని అనుకరింపనివారు తక్కువ.

తక్కిన కర్మాగారముల వృత్తాంతము క్లుప్తముగా చెప్పవచ్చును. పెన్సిల్వేనియాలోని బ్రాడ్‌ఫర్డున 1905లో కేస్ సంస్థయు, కొలరాడోలోని బౌల్డరున 1911లో వెస్టర్న్ స్టేట్స్ సంస్థయు స్థాపితములైనవి. న్యూయార్కు రాష్ట్రపు ఓలియన్ పట్టణమున యూనియన్ కట్లరీవారు కా-బార్ ముద్రతో కత్తులు చేసిరి. తుపాకుల తయారీలో ప్రఖ్యాతమైన రెమింగ్టన్ సంస్థ, మొదటి ప్రపంచయుద్ధము ముగిసి సైన్యపు గిరాకి యుడిగిన పిమ్మట, 1920లో కత్తుల వ్యాపారమునకు దిగి, 1940లో దానిని విడిచిపెట్టెను. ఆ యిరువదేండ్లలో వారు చేసిన పెద్ద మడతకత్తులలో కొన్నిటి పిడిపై తూటా యాకారపు చిన్న లోహపుబిళ్ళ పొదుగబడినది. ఈ తూటాకత్తులకొరకై నేటికిని సంగ్రాహకులు పోటీపడుదురు.

కర్మాగారముల ప్రక్కనే ఒంటరి పనివారి పరంపర యొకటి నడచినది. సేకరణ చరిత్రలో దీనికంటె రసవత్తరమైన ఘట్టము లేదని చెప్పుట కీ వ్యాసకర్త సంకోచింపడు. మిషిగన్ లోని ఫ్రూట్‌పోర్టున విలియం స్కేగెల్ తన చిన్న కొట్టములో ఒక్కొక్క కత్తిని స్వహస్తములతో కాచి, సాగగొట్టి, నీరుపెట్టి, పిడిలో సగము తోలుబిళ్ళలు, సగము దుప్పికొమ్ము కూర్చి, నడుమ నడుమ రంగుల పట్టీలు పొదిగి, అలుగుపై వంకరబాకు గుర్తు ముద్రించెడివాడు. 1930-40 నడుమ, మిషిగన్ లోనే వాలూన్ సరస్సు నొడ్డున, ఫ్లోరిడా రైతుబిడ్డడగు వాల్టర్ డోన్ రాండల్, పడవకున్న రంగును ఒక కత్తితో గీకుచున్న మనుష్యుని చూచెను. అంత మొరటు పనికిని వాదర చెడకపోవుట ఆతని నాశ్చర్యపరచెను. ఆ కత్తి స్కేగెల్ చేసినది. రాండల్ దానిని కొని, ఓర్లాండోకు తిరిగిపోయి, తానును కత్తులు చేయుట నారంభించెను. రెండవ ప్రపంచయుద్ధమున సైనికులు ఆతని కత్తుల నడిగి తెప్పించుకొనుటచే ఆతని పేరు దేశదేశములకు ప్రాకినది. ఆ తరువాత 1953లో రాబర్ట్ లవ్‌లెస్ అను యువనావికుడు న్యూయార్కులోని అబర్‌క్రాంబీ అండ్ ఫిచ్ అంగడికి పోయి రాండల్ కత్తి యడుగగా, తొమ్మిది నెలలు వేచియుండవలెనని చెప్పిరి. వేచియుండుట కిష్టపడక, పాత ప్యాకార్డ్ కారు స్ప్రింగుపట్టీనుండి తానే యొక కత్తిని మలచికొనెను. కొంతకాలమునకు ఆతని కత్తులను ఆ యంగడివారే అమ్మకమునకు పెట్టిరి. మొనను వెన్నుగీతకంటె క్రిందికి దించి, తోలొలుచునపుడు లోపలి ప్రేవులకు పోటు తగులకుండ ఆతడు తీర్చిన వేటకత్తి రూపము నేటికిని ప్రమాణముగా నున్నది. స్కేగెల్ 1963లోను, రాండల్ 1989లోను, లవ్‌లెస్ 2010లోను గతించిరి. ఈ మువ్వురి కత్తులే యీ సేకరణలో శిఖరస్థానము వహించుచున్నవి. వీని కొరత ఎవరును ప్రకటించినది కాదు. ఒక మనుష్యుని రెండు చేతులు ఒక జీవితకాలమున ఎంత చేయగలవో అంతయే ఆ సంఖ్య.

కత్తుల సేకరణము సంఘరూపము దాల్చుటకు 1968 నాటి తుపాకుల నియంత్రణ చట్టముగూడ ఒక కారణమని చెప్పుదురు. రాష్ట్రముల నడుమ తుపాకుల క్రయవిక్రయములు చిక్కుపడగా, ఆయుధ ప్రదర్శనలలో బల్లలు వేసికొని కూర్చుండు వ్యాపారులలో పలువురు కత్తులవైపు మరలిరి. 1970లో చేతిపనివారు తమ గిల్డును ఏర్పరచుకొనిరి. 1972లో సంగ్రాహకుల జాతీయ సంఘమొకటి వెలసి, టెన్నెసీ లోని చట్టనూగా దానికి కేంద్రమయ్యెను. 1973లో కత్తులకే యంకితమైన పత్రిక బయలుదేరెను. అంతవరకు తాతల పెట్టెలలో త్రుప్పుపట్టుచుండిన కత్తులకు వంశచరిత్రలు వ్రాయబడజొచ్చినవి.

ఈ యుత్సాహమును చూచియే తయారీదారులు పరిమిత సంఖ్యాక కత్తులకు పూనుకొనిరి. 1976లో అమెరికా స్వాతంత్ర్య ద్విశతాబ్ది యుత్సవములు రాగా, అలుగుపై బంగారుపూత బొమ్మలతో, మఖమల్ పరచిన పెట్టెలతో స్మారక వేటకత్తులు వెలువడినవి. 1982లో రెమింగ్టన్ పేర పాత తూటాకత్తి పునర్నిర్మితమై, ఆపై ఏటేట ఒక నమూనా వచ్చుచుండెను. వీనిలో పనితనమునకు లోపము లేనివి గలవు. ఆ తొలి పునర్నిర్మాణములను గౌరవముతోనే చూడవలెను. కాని పుట్టిననాడే గాజుపెట్టెకు చేరిన కత్తి ఏ వేటను గాని యెరుగదు. కొన్నవారందరును దానిని భద్రముగా దాచుటచే ఏబదియేండ్లకును అది దాదాపు పూర్తిసంఖ్యలో మిగిలియుండును. పనికై వేలకొలది తయారైన మార్బుల్ కత్తులో, సానరాతిపై అరిగి, విరిగి, నీటిలో జారి, పారవేయబడి నశింపగా, కొత్తదనము చెడక మిగిలినవి కొన్నియే. కావుననే అనేక స్మారక కత్తులు తొలినాటి ధరకంటె హెచ్చు పలుకకపోగా, సంఖ్య వేయని పాతకత్తి హెచ్చుధర పలుకుట సామాన్యమైనది.

కాలనిర్ణయమే సంగ్రాహకుని పాండిత్యమునకు గీటురాయి. అలుగు మొదట నుండు ముద్రయే ఇందు ప్రథమ ప్రమాణము. మార్బుల్ వారి తొలి కత్తులపై పాత సంస్థ నామమో, దాని పొడియక్షరములో గానవచ్చును. కేస్ వారు 1970లో తమ మడతకత్తుల ముద్రక్రింద పది చుక్కలు వేసి, ఏటేట ఒక్కొక్కటి తగ్గించుచు వచ్చిరి. కనుక 1973 నాటి కత్తికి ఏడు చుక్కలే యుండును. 1964 ప్రాంతమున ‘110’ సంఖ్యతో వెలువడి మడత వేటకత్తికి కొత్త యుగము తెచ్చిన బక్ సంస్థ, 1986 మొదలుకొని సంవత్సరమునకొక గుర్తు ముద్రించుచున్నది. రాండల్ కత్తికి అలుగుకంటె ఒరయే కొన్నిసార్లు మంచి సాక్షి: డెన్వరులోని హైసర్ సంస్థ కుట్టిన ఒర యున్నచో అది పాతకాలమునకు చెందినదని యూహింపవచ్చును. అయితే ఒరలు మార్చబడుటయు కలదు.

సంరక్షణమున చేయదగినవానికంటె చేయరాని పనులే యెక్కువ. పాత అలుగును యంత్రముపై మెరుగుపెట్టినచో తొలినాటి సానగీతలును ముద్రయంచులును చెరిగి, సగము విలువ పోవును. కత్తిని ఒరలోనే యుంచి దాచుట మరియొక ప్రమాదము: తోలునందలి యామ్లములు తేమతో గూడి ఉక్కునకు త్రుప్పును, ఇత్తడికి పచ్చని చిలుమును పట్టించును, కనుక కత్తిని, ఒరను వేరువేరుగా నుంచవలెను. సెల్యులాయిడ్ పిడిగల పాతకత్తి యింకను చెడ్డది; అది కుళ్ళునపుడు వెలువడు ఆవిరి ప్రక్కనున్న కత్తులనుగూడ తినివేయును.

పిడులకు వాడిన కొమ్ము విషయమున ఈ చరిత్ర మన దేశమును తాకుచున్నది. షెఫీల్డుకును, అమెరికాకును పోయిన మేలైన దుప్పికొమ్ము భారతారణ్యములలోని కణుజు, అనగా సాంబరు, ఏటేట రాల్చు కొమ్మే. గరుకైన పైబెరడును, లోపల గట్టిదనమును గలిగిన ఆ కొమ్మునకు సమానమైనది దొరకకపోవుటచే, పైభాగము కోయగా మిగిలిన లోముక్కలనుగూడ విడువక గాట్లు చెక్కి పిడులు చేసిరి. అట్టి పిడిగల కేస్ కత్తులు నేడు మిక్కిలి యరుదు. 20వ శతాబ్దము ముగియుటకు ముందే భారతప్రభుత్వము కొమ్ముల యెగుమతిని నిషేధించుటతో ఆ మార్గము మూసికొనిపోయినది. తరువాతి తయారీదారులు గాట్లు చెక్కిన పశువుల యెముకపైనను, ఇతర దేశముల దుప్పికొమ్ముపైనను ఆధారపడవలసివచ్చెను. నిషేధమునకు పూర్వపు కొమ్ముపిడిని పసుపు కలిసిన గోధుమఛాయచేతను, లోతైన బెరడుగీతలచేతను అనుభవజ్ఞులు పోల్చుకొందురు.

ధరలు పెరిగినకొలది దొంగముద్రలును పెరిగినవి. సామాన్యమైన కత్తి ముద్రను అరగదీసి ప్రసిద్ధమైన పేరు వేయుట, విరిగిన రెండు కత్తుల భాగములను ఒకటిగా కూర్చుట, కొత్త కొమ్మునకు పొగపట్టించి పాతదనము తెచ్చుట మున్నగు మోసములు వెలుగుచూచినవి. ముద్రచుట్టు లోహము మిగతా అలుగుకంటె పలుచబడియున్నను, పిడి మేకుల తల చుట్టు సందు గనబడినను అనుమానింపవలెను. అమెరికా కత్తుల తయారీదారులలో 2004లో ఇంపీరియల్ ష్రేడ్ సంస్థయు, 2007లో క్యామిలస్ సంస్థయు మూతపడగా, వాని పేళ్ళను ఇతరులు కొని విదేశములలో తయారైన కత్తులపై ముద్రించుట మొదలైనది. అప్పటినుండి ఈ రెండు పేళ్ళుగల కత్తిని పరీక్షించువారు సంస్థ పేరుతో తృప్తిపడక, అది ఏ దేశమున, ఏ పట్టణమున తయారైనదో తెలుపు రెండవ పంక్తినిగూడ భూతద్దముతో చదువుచున్నారు.